అద్దె ఇళ్ల లెక్కల యాప్: టాక్స్ బాగానే వేస్తుంది, జేబు లెక్కే రాదు

అద్దెకిచ్చిన ఇళ్లున్నవాళ్ల కోసమంటూ ఈమధ్య బాగా ప్రచారమవుతున్న యాప్ ఒకటి ఏడాది ప్లాన్ కట్టి వాడాను. అద్దె వసూళ్ల చిట్టా, ఖర్చులు, ఈఎంఐ, చివర్లో రిటర్న్ ఫైలింగ్, మధ్యలో సందేహమొస్తే చాట్‌లో ఒక టాక్స్ నిపుణుడు, ఇదీ ప్యాకేజీ. పేరు మాత్రం రాయను. ఇదే తరహావి ఇంకా చాలా తిరుగుతున్నాయి, వాటిలో ఏది కొనబోతున్నా చూసుకోవాల్సినవి ఇవే కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు.

టాక్స్ లెక్క ఈ యాప్‌కి వచ్చు. క్యాష్ ఫ్లో, అంటే చేతికి నిజంగా వచ్చిన, పోయిన డబ్బు లెక్క రాదు. రాకపోగా వచ్చినట్టు చూపిస్తుంది, నా కంప్లయింట్ అంతా అక్కడే.

ముందు బాగున్నవి చెప్తాను. ఏడాది అద్దె ఎంటర్ చేస్తే అందులోంచి మున్సిపల్ టాక్స్ తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ తీసి, ఆపైన లోన్ వడ్డీ తీస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 23, 24 చెప్పేది ఇదే కదా, ఇందులో గొప్పేముంది అంటారేమో, చిన్న చిన్న చోట్ల తెలుస్తుంది పనితనం. మున్సిపల్ టాక్స్ దగ్గర రసీదు తేదీ అడిగింది, బిల్లు ఏ సంవత్సరానిదో కాదు. అది కరెక్ట్, ఎందుకంటే ఓనర్ ఆ ఏడాది నిజంగా కట్టినదే లెక్కలోకి వస్తుంది, పాత బకాయిలన్నీ ఈ ఏడాది ఒకేసారి కట్టేస్తే అవన్నీ ఈ ఏడాదే తీసుకోవచ్చు, బిల్లు వచ్చి కూడా కట్టకపోతే సున్నా, అద్దెకున్నవాళ్లు కట్టుకుంటే మనకేమీ రాదు. ‘ఎవరు కట్టారు’ అన్న ప్రశ్న కూడా పెట్టారు. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉందని చెప్తే ఆ రెండు నెలల అద్దె ఊహించుకుని ఆదాయంలో కలపలేదు. కట్టుబడి పూర్తవకముందు కట్టిన వడ్డీని, ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన వాయిదాల్లో పంచింది. బ్యాంక్ ఇచ్చిన ఇంట్రెస్ట్ సర్టిఫికెట్ పీడీఎఫ్ పెడితే అసలు, వడ్డీ విడివిడిగా చదువుకుంది. ఒక్కటే చూసుకోండి, ఏడాది మధ్యలో బ్యాంక్ ఇచ్చే ప్రొవిజనల్ సర్టిఫికెట్ పెట్టినా మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. మధ్యలో వడ్డీ రేటు మారినా, కొంత ముందే కట్టేసినా ఆ అంకె తప్పుతుంది, కాబట్టి మార్చి దాటాక ఫైనల్ సర్టిఫికెట్ పెట్టుకోవాల్సింది మీరే.

ఇక హోమ్ స్క్రీన్. యాప్ తెరవగానే పైన పెద్ద అక్షరాల్లో, పచ్చ రంగులో ‘ఈ ఏడాది మీరు ఆదా చేసిన పన్ను’ అని ఒక అంకె. దాని కింద బూడిద రంగులో, చిన్నగా ‘నెట్ క్యాష్ ఫ్లో’. ఈ రెంటి సైజు తేడాలోనే యాప్ ఆలోచన అంతా ఉంది.

అర్థం కావడానికి రౌండ్ అంకెలతో ఒక ఫ్లాట్ తీసుకుందాం. లోన్ 50 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు. ఈఎంఐ సుమారు 43,390 రూపాయలు. మొదటి ఏడాది మొత్తం కట్టేది 5.21 లక్షలు, అందులో వడ్డీ 4.21 లక్షలు, అసలు లక్షకి కాస్త తక్కువ. అద్దె నెలకి 30 వేలు, అంటే ఏడాదికి 3.60 లక్షలు. మున్సిపల్ టాక్స్ 10 వేలు. ఇప్పుడు టాక్స్ లెక్క: 3.50 లక్షల్లో 30 శాతం పోతే 2.45 లక్షలు, దాంట్లోంచి 4.21 లక్షల వడ్డీ తీస్తే 1.76 లక్షల నష్టం. పన్ను కట్టడానికి పాత, కొత్త అని రెండు విధానాలున్నాయి కదా, వాటిలో పాతదాంట్లో ఈ నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేసుకోవచ్చు, ఏడాదికి 2 లక్షల వరకూ, మిగిలితే 8 ఏళ్ల పాటు ముందుకు తీసుకెళ్లి ఇంటి ఆదాయంతో సర్దుకోవచ్చు. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకి సెస్సుతో కలిపి 31.2 శాతం కాబట్టి సుమారు 55 వేలు మిగులుతుంది. యాప్ పచ్చ రంగులో చూపించేది ఈ 55 వేలనే.

అదే ఫ్లాట్‌కి జేబు లెక్క వేస్తే? వచ్చింది 3.60 లక్షలు, పోయింది ఈఎంఐ 5.21 లక్షలు, మున్సిపల్ టాక్స్ 10 వేలు. 1.71 లక్షలు మన జీతంలోంచి వెళ్లాయి, నెలకి 14 వేల పైమాటే. ఇందులో ఇల్లు ఒక్క నెల ఖాళీ లేదు, రంగులు లేవు, బ్రోకర్‌కి ఇచ్చిందీ లేదు. ఆ 55 వేలు కలిపినా ఇంకా లక్షకి పైగా చేతి నుంచే. ‘ఆదా’ అన్న మాటకి పచ్చ రంగు వేసి ఇది మాత్రం బూడిద రంగులో ఉంచితే, చూసేవాడికి ఆ ఫ్లాట్ ఏదో సంపాదించి పెడుతోందనే అనిపిస్తుంది.

రెంటి మధ్య ఇంత తేడా ఎందుకొస్తుందో యాప్ ఎక్కడా చెప్పదు. 30 శాతం అనేది ఖర్చు పెట్టకపోయినా వచ్చే డిడక్షన్, ఒక్క రూపాయి రిపేరు చేయించకపోయినా ఇస్తారు. ఈఎంఐలో అసలు భాగం జేబులోంచి పోతుంది గానీ ఇంటి ఆదాయంలోంచి తగ్గించుకునేది కాదు, పాత విధానంలో పొదుపులకి మినహాయింపిచ్చే సెక్షన్ 80సీ కింద 1.50 లక్షల పరిమితిలో చూపించుకోవాలి, అది ఎలాగూ పీఎఫ్, ఇన్సూరెన్సులతోనే చాలామందికి నిండిపోతుంది. కాగితం మీద నష్టం, బ్యాంకులో లోటు రెండూ వేర్వేరు అంకెలు, ఒక్కోసారి వేర్వేరు దిక్కులకి కూడా నడుస్తాయి.

అన్నిటికంటే పెద్ద తిరకాసు విధానం ఎంపికలో. ఆ 55 వేలు పాత విధానం ఎంచుకుంటేనే. ఇప్పుడు డిఫాల్ట్, అంటే మనం ఏదీ ఎంచుకోకపోతే వర్తించేది, కొత్త విధానం, అందులో ఇంటి నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేసుకోనివ్వరు. ఇంకో ఇంటి మీద అద్దె లాభం ఉంటే దాంతో మాత్రం సర్దుకోవచ్చు. అయితే పాతదే మేలా? పై ఫ్లాట్ ఓనర్‌కి జీతం 20 లక్షలు అనుకుందాం, 2025-26 ఆర్థిక సంవత్సరం స్లాబులతో. కొత్త విధానంలో జీతం మీద ఇచ్చే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోయి 19.25 లక్షల మీద పన్ను, సెస్సుతో 1,92,400. పాత విధానంలో 50 వేలు, ఇంటి నష్టం 1.76 లక్షలు, 80సీ కింద 1.50 లక్షలు మొత్తం తీసేసినా 16.24 లక్షల మీద పన్ను సెస్సుతో 3,11,688. అంటే 55 వేలు ‘ఆదా’ చేసుకోవడానికి దాదాపు 1.19 లక్షలు ఎక్కువ కట్టాలి! హెచ్ఆర్ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం), ఆరోగ్య బీమా లాంటివి ఇంకో 3.80 లక్షల దాకా ఉంటే తప్ప పాతది గిట్టదు. యాప్‌లో రెండు విధానాలు పోల్చే బటన్ ఉంది, అది లెక్క సరిగ్గానే వేస్తుంది కూడా. కానీ అది ఫైలింగ్ భాగంలో నాలుగో స్క్రీన్‌లో ఉంది, హోమ్ స్క్రీన్ మీది పచ్చ అంకె మాత్రం ఏ విధానం ఎంచుకున్నా పాత లెక్కతోనే మెరుస్తూ ఉంటుంది. ఇది బగ్ అనుకుని సపోర్ట్‌కి రాస్తే ‘ఇది ఇండికేటివ్ సేవింగ్ మాత్రమేనండి’ అని జవాబు. పాతది కావాలనుకునేవాళ్లు గడువులోపే రిటర్న్ వేయాలన్న హెచ్చరిక మాత్రం జులైలో రోజూ పంపించారు, దానికి థాంక్స్.

20 ఏళ్ల గ్రాఫ్ ఒకటి ఉంది, దాన్ని చూసి ఫ్లాట్ కొనేవాళ్లు ఉంటారేమోనని నాకు టెన్షన్. పన్ను ఆదా గీత 20 ఏళ్లకీ ఒకే ఎత్తులో వెళ్లిపోతుంది. అలా ఉండదు. పై లోన్‌లోనే 10వ ఏడాదికి వడ్డీ సుమారు 3.07 లక్షలకి దిగుతుంది, అసలు 2.13 లక్షలకి ఎక్కుతుంది, ఈఎంఐ మాత్రం అదే. అద్దె ఏటా 5 శాతం పెంచుకుంటూ వస్తే అప్పటికి 5.58 లక్షలు అవుతుంది, దాంట్లో 30 శాతం, వడ్డీ పోయినా ఇంకా 80 వేల దాకా పన్ను పడే ఆదాయమే మిగులుతుంది. అంటే ఫ్లాట్ ఈఎంఐని తనే మోయడం మొదలుపెట్టే సమయానికి టాక్స్ నష్టం మాయమై టాక్స్ బిల్లు మొదలవుతుంది. కొనేముందు చూడాల్సిన గ్రాఫ్ ఇదే, అదే తప్పుగా గీశారు.

ఖర్చుల భాగం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ప్లంబర్ బిల్లు ఫొటో తీస్తే చాలు, తారీఖు, మొత్తం, ‘రిపేర్లు’ అన్న గడి, అన్నీ తనే నింపుకుంటుంది, బిల్లు పక్కన చిన్న టిక్ మార్క్ కూడా వస్తుంది. ఆ టిక్ చూసి చాలామంది అది టాక్స్‌లో తగ్గుతుందనుకుంటారు. తగ్గదు. రిపేర్లు, ఇంటి బీమా, అద్దె వసూలు చేసే మనిషికిచ్చే జీతం, బ్రోకర్ కమీషన్, అన్నీ ఆ 30 శాతంలోనే ఇమిడిపోయినట్టు. 5 వేలు ఖర్చయినా, 5 లక్షలు ఖర్చయినా డిడక్షన్ మారదు. సొసైటీ మెయింటెనెన్స్‌దీ ఇదే కథ. అద్దె 33 వేలు తీసుకుని అందులోంచి మీరు 3 వేలు సొసైటీకి కడుతుంటే, ఆ 3 వేలకి సెక్షన్ 24లో విడిగా గడి లేదు, అగ్రిమెంట్‌లోనే అద్దె 30 వేలు, మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లే సొసైటీకి నేరుగా కట్టుకోవాలి అని రాసుకుంటే పోతుంది. యాప్ అగ్రిమెంట్ నమూనా ఇస్తుంది గానీ అందులో రెండూ కలిపే ఉన్నాయి. పైగా నా మెయింటెనెన్స్ రసీదు ఒకదాన్ని మున్సిపల్ టాక్స్ కింద వేసేసింది. కరెక్ట్ చేశాక మళ్లీ అలా చేయలేదు, కానీ చూసుకోనివాళ్ల సంగతేంటి?

ఆ బిల్లుల్ని దాచడం వల్ల అసలు లాభం ఇంకో చోట ఉంది, అమ్మేటప్పుడు. కొత్త గది వేయించినా, ఇంకేదైనా శాశ్వతమైన మార్పు చేయించినా దాన్ని ఇంప్రూవ్‌మెంట్ ఖర్చుగా క్యాపిటల్ గెయిన్స్‌లో, అంటే అమ్మకం లాభం లెక్కలో, చూపించుకోవచ్చు, మామూలు రంగులు, కుళాయి రిపేర్లు అలా కుదరవు. యాప్‌లో రెండూ ఒకే గడి. పదేళ్ల తర్వాత అమ్మాలనుకున్నప్పుడు ఆ కుప్పలోంచి ఏది ఏదో తేల్చుకోవడం మన వంతు. ఇంకా అన్యాయం ఏంటంటే, అమ్మకం కాలిక్యులేటర్‌లో ‘ఇప్పటిదాకా కట్టిన లోన్ వడ్డీని కొన్న ధరకి కలపండి’ అని ఒక ఆప్షన్ ఇంకా ఉంచారు. ఇంటి ఆదాయంలో ఒకసారి డిడక్షన్ తీసుకున్న వడ్డీని కొన్న ధరలో మళ్లీ కలపకూడదని 2023 ఫైనాన్స్ యాక్ట్‌లోనే తేల్చేశారు. పాత ఆస్తులకి ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి లెక్కేయడం) 20 శాతమా, లేకుండా 12.5 శాతమా అని పోల్చి చూపించే భాగం మాత్రం 2024 జులై 23కి ముందు కొన్నవాటికే అని సరిగ్గా అడ్డుగీత పెట్టారు. ఒక చేత్తో అంత జాగ్రత్త, ఇంకో చేత్తో ఇంత నిర్లక్ష్యం ఎలా కుదిరిందో.

అడ్వాన్స్ సంగతి వింటే నవ్వొస్తుంది. అద్దెకి దిగినవాళ్లిచ్చిన సెక్యూరిటీ డిపాజిట్ 90 వేలు, మొదటి నెల అద్దె 30 వేలు. ఆ నెల నెట్ క్యాష్ ఫ్లోలో యాప్ చూపించింది 1.20 లక్షలు, పక్కన ‘అద్భుతం’ అని బాణసంచా బొమ్మ. అది తిరిగివ్వాల్సిన డబ్బు! టాక్స్ భాగంలో దాన్ని ఆదాయంగా తీసుకోలేదు, సంతోషం, కానీ క్యాష్ ఫ్లో భాగంలో అప్పుగా పక్కన పెట్టే గడే లేదు. వాళ్లు ఖాళీ చేసిన నెలలో అదే 90 వేలు బయటికి వెళ్తే మళ్లీ ఎర్ర రంగు, ఏడుపు ముఖం.

టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లే ముందుగా కోసి మన తరఫున కట్టే పన్ను, అది కూడా క్యాష్ ఫ్లోలో పడదు. నెలకి 50 వేలు దాటిన అద్దె కట్టే మామూలు వ్యక్తులు 2 శాతం కోసి కట్టాలి, 2024 అక్టోబర్ 1కి ముందు అది 5 శాతం ఉండేది, మామూలుగా మార్చిలోనో ఖాళీ చేసే నెలలోనో ఏడాదిది మొత్తం ఒకేసారి కోస్తారు. అంటే నెలకి 60 వేల అద్దెకి మార్చిలో 14,400 తగ్గి వస్తుంది. యాప్ దీన్ని ‘అద్దె తక్కువ వచ్చింది’ అని అద్దెకున్నవాళ్లకి ఆటోమేటిగ్గా రిమైండర్ మెసేజ్ కొడుతుంది. పాపం చట్టప్రకారం కట్టినవాళ్లకి బాకీ నోటీసు. ఫైలింగ్ సమయానికి మాత్రం మన పేరున కట్టిన పన్నుల చిట్టా అయిన ఫారం 26ఏఎస్ నుంచి ఆ అంకె తెచ్చుకుని సరిపెడుతుంది. ఓనర్ విదేశాల్లో ఉంటే వ్యవహారమే వేరు, అద్దె ఎంత చిన్నదైనా అద్దెకున్నవాళ్లు 30 శాతం పైన సెస్సుతో కోయాలి, ఆ ఆప్షన్ యాప్‌లో అసలు లేదు. ఎన్నారైలు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

జాయింట్ ఓనర్లకీ పనికిరాదు. ఒక ఇంటికి ఒకే పాన్ నంబర్. మన దగ్గర ఫ్లాట్లు ఎక్కువగా భార్యాభర్తలిద్దరి పేరునే ఉంటాయి, ఇద్దరూ లోన్‌లో ఉంటారు, వాటాలు తేలి ఉంటే అద్దెని, వడ్డీని ఎవరి వాటా వాళ్లు చూపించుకోవాలి, పాత విధానంలో ఆ 2 లక్షల సర్దుబాటు పరిమితి కూడా ఎవరిది వాళ్లకే. సగం సగం అంకెలు వేసి రెండు అకౌంట్లు తెరవమని సలహా ఇచ్చారు, అంటే రెండు ప్లాన్లు కొనమని. అన్నట్టు లోన్ అంటే బ్యాంకే అయి ఉండాలని కూడా యాప్ పట్టుబడుతుంది. ఇల్లు కొనడానికి బంధువుల దగ్గర తీసుకున్న అప్పు మీద వడ్డీ కట్టినా, రాతకోతలుంటే, సెక్షన్ 24 కింద తీసుకోవచ్చు. బ్యాంక్ పేరు ఎంచుకోకపోతే సేవ్ బటన్ పని చేయదు, అంతే.

చాట్‌లో నిపుణుడి గురించి. మర్యాదగా మాట్లాడతారు, రాత్రి పదింటికి అడిగినా తెల్లారేసరికి జవాబు ఉంటుంది, తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పారు. విషయం దగ్గరికొస్తే మాత్రం మనిషిని బట్టి. రిపేర్లు తగ్గవా అని అడిగితే ఒకాయన ‘సార్, మీ అద్దెని బిజినెస్ ఇన్‌కమ్ కింద చూపిద్దాం, రిపేర్లు వస్తాయి, డిప్రిసియేషన్ (ఇంటి తరుగు) కూడా వస్తుంది’ అన్నారు. 2024 జులై బడ్జెట్‌లో ఈ దారి మూసేశారు కదండీ, 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ (అంటే 2024-25లో వచ్చిన అద్దె) నుంచి నివాస గృహం అద్దె హౌస్ ప్రాపర్టీ, అంటే ఇంటి ఆదాయం, కిందే చూపించాలి కదా అంటే, ‘చెక్ చేసి చెప్తాను సార్’ అని వెళ్లి, మర్నాడు ‘అవునండి, మీరన్నదే కరెక్ట్’ అని వచ్చారు. ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలి, కానీ ఆ సంగతి తెలియనివాళ్లకి ఇదే సలహా వెళ్లి ఉంటే నోటీసు వచ్చేది వాళ్లకే. ఇంకొకావిడ మాత్రం చాలా బాగా చెప్పారు. అద్దె ఎగ్గొట్టి పోయినవాళ్ల బాకీని ఆదాయంలోంచి తీసేయాలంటే షరతులున్నాయి. వాళ్లు ఖాళీ చేసి ఉండాలి లేదా ఖాళీ చేయించే ప్రయత్నం జరిగి ఉండాలి, మీదే ఇంకో ఇంట్లో ఉండకూడదు, వసూలుకి కోర్టు దాకా వెళ్లి ఉండాలి, లేదంటే వెళ్లినా లాభం లేదని చూపించగలగాలి. ఇవన్నీ అడిగి, కాగితాలు చూశాకే ఆ గడి నింపనిచ్చారు. యాప్‌లో అయితే ‘అద్దె రాలేదు’ అని ఒక్క టిక్ పెడితే చాలు, ఏమీ అడగదు. ఆవిడ అడిగిన ప్రశ్నలనే యాప్‌లో పెట్టేస్తే సగం గొడవ పోయేది.

ఇప్పుడు కొనాలా వద్దా అంటే, ఒకే ఇల్లు, ఒకే పేరు, బ్యాంక్ లోన్, ఇండియాలోనే ఉంటారు అయితే ఫైలింగ్ వరకూ తీసుకోవచ్చు, ఆడిటర్ దగ్గర కూర్చునే సమయం కలిసొస్తుంది. రెండు మూడు ఇళ్లుండి ఇంకోటి కొందామా అని లెక్కలేసుకునేవాళ్లు మాత్రం దీని డ్యాష్‌బోర్డ్ చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఒక ఎక్సెల్ షీట్‌లో నెలవారీగా వచ్చింది, పోయింది రాసుకుని, డిపాజిట్‌ని వేరే కాలమ్‌లో పెట్టి, ఏడాదికి ఒక నెల అద్దె రాదనుకుని, టాక్స్‌ని నిజంగా కట్టే నెలలో వేసుకుంటే ఇంతకన్నా నమ్మకంగా ఉంటుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఇన్‌కమ్ టాక్స్ చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు కూడా మారాయి, యాప్‌లో అవి అప్‌డేట్ అయ్యాయో లేదో కొనేముందు ఫ్రీ ట్రయల్‌లోనే చూసుకోండి.

ప్లాన్ ఆటో రెన్యువల్‌లో ఉంటుంది, సెట్టింగ్స్‌లో ‘బిల్లింగ్’ లోపలికి వెళ్లి ఆపాలి. ఆపేముందు మీ బిల్లులన్నీ దించుకోండి, ప్లాన్ అయిపోయాక ఫొటోలు కనిపిస్తాయి గానీ డౌన్‌లోడ్ బటన్ పని చేయదు. ఎక్సెల్‌గా ఇవ్వమంటే ఇవ్వరు, పీడీఎఫ్ ఒక్కటే, అదీ నెలకొకటి చొప్పున.